పెద్దలున్న ఇల్లు : చిన్న దిద్దుబాట్లు



"వృద్ధ" అను పదమునకు మూలము "వృధ్" అను ధాతువు. దానికి పెరుగుట యని అర్థము. వృద్ధి, వర్ధనము, వార్ధక్యము అను మాటలన్నియు ఆ ధాతువునుండియే పుట్టినవి. "జర" అను పదమునకు మూలము వేరు. అరిగిపోవుట, శిథిలమగుట యని దాని అర్థము. జీర్ణమను మాటయు అందుండి వచ్చినదే. ఈ రెండు మాటలను తరగతిలో బోధించునప్పుడు నేను పిల్లలనొక ప్రశ్న అడుగుచుందును: ఒకే వయస్సునకు మన పూర్వులు పెరుగుట యని యొక పేరును, అరుగుట యని మరియొక పేరును ఏల పెట్టిరి? పిల్లలు తమకు తోచినట్లు చెప్పుదురు. నాకు మాత్రము దాని సమాధానము వ్యాకరణమున దొరకలేదు. మా తల్లి పడిన తరువాత మా యింటిలోనే దొరికినది. ఆ సంగతిని, దానివలన నేర్చుకొన్న పాఠమును మీ ముందుంచుచున్నాను.

జరిగిన సంగతి

అప్పటికి మా తల్లికి 76 ఏండ్లు. తాండూరు ప్రాంతపు ఇండ్లలో వలె మా ఇంటిలోను నేల యంతయు నాపరాతి బండలే. తడి తగిలినచో అవి జారును. తెల్లవారుజామున 4 గంటలకు లేచి, పెరటిలోని స్నానపు గదిలో స్నానము ముగించి, విభూతి ధరించి, చాపపై కూర్చుండి లింగపూజ చేసికొనుట ఆమెకు చిన్ననాటి నుండి అలవాటు. పెరటి దారిలో ఒక బల్బు ఉండెడిది. అది మాడిపోయి మూడు వారములైనది. క్రొత్తది తెచ్చి పెట్టుట నా పని. ప్రతిదినము బడినుండి కరెంటు సామానుల దుకాణము ముందుగానే ఇంటికి వచ్చుచుంటిని. "రేపు తీసికొందము" అనుకొనుచుంటిని.

మాఘమాసపు చలిలో ఒక వేకువను ఆమె గడప దాటుచు తడి బండపై కాలు జారి పడెను. మేము పరుగెత్తి పోవుసరికి "ఏం గాలేదు బిడ్డా, కాలు జారింది గంతే" అనెను. లేవబోయి లేవలేకపోయెను. తుంటి యెముక విరిగినది.

ఆసుపత్రిలో శస్త్రచికిత్స సక్రమముగా జరిగినది. రెండవ దినముననే వైద్యులు వాకరు సాయముతో ఆమెను నిలువబెట్టిరి. ఇంటికి పంపునప్పుడు దినమునకు ఇన్ని మారులు నడిపింపుడని వ్రాసియిచ్చిరి. తప్పు అటుపిమ్మట మాది. ఇంటికి రాగానే మంచము వేసితిమి. నీరు మంచము వద్దకే, అన్నము మంచము వద్దకే. మనుమలు, మనుమరాండ్రు పోటీపడి అన్నియు చేతికందించిరి. "నీవు లేవకమ్మా" అను మాట దినమునకు పదిమార్లు వినబడుచుండెను. అదంతయు ప్రేమయే, అందు సందేహము లేదు. రెండు మాసములు గడచునప్పటికి ఎముక అతుకుచున్నదని వైద్యులు చెప్పిరి గాని, ఆమె తన కాళ్ళపై నిలువలేకపోయెను.

ఆ దినములలో మా మేనత్త చూడవచ్చినది. ఒక పూటంతయు మాటాడక గమనించి, పోవునప్పుడు నన్ను పెరటిలోనికి పిలిచి, "వదినెను కూసోబెట్టి సాకుతున్నరు గని, నిలబెట్టి సాకుతలేరు" అనెను. నేను ముప్పది యేండ్లుగా పాఠములు చెప్పుచున్నవాడను. ఆ దినమున నాకు పాఠము చెప్పినది అక్షరములు రాని మా మేనత్త.

ఈ వ్యాసమంతయు ఆ మాటకు వివరణమే. పెద్దలకు పనిని తప్పించుట సేవ కాదు. వారు తమ పనిని తాము భయము లేక చేసికొనునట్లు ఇంటిని, తిండిని, దినచర్యను దిద్దుటయే సేవ.

పడుట చిన్న సంగతి కాదు

1951 జనాభా లెక్కలలో మన దేశమున 60 ఏండ్లు నిండినవారు సుమారు 2 కోట్ల మంది. 2011 లెక్కలలో వారు 10 కోట్లకు పైబడిరి. ఆయువు పెరిగినది, సంతోషమే. అయితే పెరిగిన ఆ యేండ్లు తిరుగాడుచు గడచునా, మంచమున గడచునా అనునదే ప్రశ్న.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము ప్రపంచమున ఏటేట సుమారు 6 లక్షల 84 వేల మంది పడుటవలన మరణించుచున్నారు. ప్రమాదవశమున గలుగు మరణములలో రోడ్డు ప్రమాదముల తరువాతి స్థానము దీనిదే. వారిలో 60 ఏండ్లు దాటినవారే ఎక్కువ. మరణింపక బ్రతికినవారికి మరియొక చిక్కు కలదు. ఒకసారి పడినవారికి మరల పడుదుమను భయము పుట్టును. భయమువలన నడక తగ్గును. నడక తగ్గినచో కాళ్ళ బలము తగ్గును. బలము తగ్గినచో మరల పడుదురు. ఈ గిరక ఒకసారి తిరుగ నారంభించినచో ఆపుట కష్టము. మొదటనే అడ్డుకొనుట సులభము.

కండ కరుగుట, కండ పెరుగుట

వయస్సు వచ్చినకొలది కండ తగ్గుట సహజము. కాని విశ్రాంతి పేరిట మంచముపై పరుండబెట్టినచో అది ఎంత వేగముగా తగ్గునో 2007లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధన తెలిపినది. ఆరోగ్యవంతులైన వృద్ధులను 10 దినములు మంచముపైనే ఉంచి చూచిరి. ఆ పది దినములలోనే వారి కాళ్ళలో సుమారు ఒక కిలో కండ తగ్గినది. వారికి రోగమేమియు లేదు. పరుండుట యొక్కటే కారణము. ఇది చదివినప్పుడు మా తల్లిని మేము రెండు మాసములు పరుండబెట్టిన సంగతి తలచుకొని సిగ్గుపడితిని.

ఇందుకు మారుగా మంచి వార్తయు కలదు. 1990లో బోస్టన్ నగరమున, వృద్ధుల సంరక్షణాలయములో నివసించువారు, సగటు వయస్సు 90 ఏండ్లు గలవారు కొందరు ఎనిమిది వారములపాటు కాళ్ళతో బరువులెత్తు వ్యాయామమును క్రమముగా పెంచుచు చేసిరి. వారి కాళ్ళ బలము సగటున రెండున్నర రెట్లకు మించినది. తొంబది యేండ్ల కండయు పని చెప్పినచో పెరుగునని దీనివలన తెలియుచున్నది. "ఈ వయస్సులో ఇంకేమి?" అను మాటకు ఇదియే ప్రత్యుత్తరము.

మన ఆచారమునకు దగ్గరగా ఉన్న మరియొక పరిశోధన బ్రెజిల్ దేశమున జరిగి 2012లో వెలువడినది. 51 మొదలు 80 ఏండ్ల వరకు వయస్సు గల 2,002 మందిని నేలపై కూర్చుండి లేవుమనిరి. చేయి ఆనించుట, మోకాలు ఆనించుట వంటి ప్రతి ఆధారమునకు మార్కులు తగ్గించిరి. తరువాత సుమారు ఆరేండ్లు వారి యోగక్షేమములు గమనించిరి. బహుకష్టముగా లేచినవారిలో మరణములు, తేలికగా లేచినవారిలోకంటె ఐదు రెట్లకు మించి కనబడినవి. కూర్చుండి లేచుటయే ఆయువును పెంచునని దీనికి అర్థము కాదు. కాళ్ళ బలము, కీళ్ళ వంపు, శరీరపు నిలుకడ – ఈ మూడును సరిగా నున్నవారు తేలికగా లేవగలరు. నేలపై కూర్చుండి పూజించు అలవాటు గలవారు దినదినము ఈ పరీక్షను తమకు తెలియకయే వ్రాయుచున్నారు. చేతనైనంత కాలము ఆ అలవాటును విడువకుండుట మేలు.

అయితే మోకాళ్ళు అరిగినవారు, తుంటికి శస్త్రచికిత్స జరిగినవారు వైద్యుని అడుగక నేలపై కూర్చుండరాదు. వారికి కుర్చీ వ్యాయామము చాలును. చేతులు గల గట్టి కుర్చీని గోడకు ఆనించి, కూర్చుండి మెల్లగా లేవవలెను. మరల మెల్లగా కూర్చుండవలెను. మొదట ఐదు మారులు; కొన్ని వారములకు పది మారులు; ఉదయమొకసారి, సాయంకాలమొకసారి. తరువాత కుర్చీ వీపు పట్టుకొని మడమలెత్తి నిలుచుట పది మారులు. పిమ్మట గోడ దాపున, ప్రక్కన ఒకరుండగా, ఒంటికాలిపై పది లెక్కించునంత సేపు నిలుచుట. 65 ఏండ్లు దాటినవారు వారమునకు కనీసము 150 నిమిషముల నడక వంటి శ్రమతోబాటు, బలమును నిలుకడను పెంచు వ్యాయామములు వారమున మూడు దినములైనను చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. చేయలేనివారు చేయగలిగినంత చేసినను ఫలమే.

ఇంటి దిద్దుబాట్లు

ఒక సాయంకాలము ఇంటి యజమాని కాగితము, పెన్సిలు తీసికొని, పెద్దవారి మంచము నుండి స్నానపు గది వరకు మెల్లగా నడువవలెను. రాత్రివేళ దీపములార్పి మరియొకసారి నడువవలెను. అడ్డము వచ్చినవన్నియు వ్రాసికొనవలెను. నేనట్లు నడిచినప్పుడు మా ఇంటిలో పదకొండు సంగతులు తేలినవి. అందులో ఎనిమిదింటికి పైసా ఖర్చు లేదు.

దారిలో దీపము : మంచము నుండి మరుగుదొడ్డి వరకు రాత్రియంతయు జీరో బల్బు వెలుగవలెను. కరెంటు పోయినప్పటికై తలగడ ప్రక్కన టార్చిలైటు ఉంచవలెను. స్విచ్చి మంచము నుండి చేయి చాచినంతలో ఉండవలెను.

గడపలు : కడగంటి చూపు తగ్గినవారికి బండల రంగులోనే కలిసిపోయిన గడప కనబడదు. గడప అంచున పసుపుపచ్చని రంగు పట్టీ వేసినచో కనబడును. అవసరము లేని చిన్న మెట్టును తాపీమేస్త్రిచే వాలుగా చేయించవచ్చును.

స్నానపు గది : పడుటలు ఎక్కువగా జరుగు చోట్లలో ఇది యొకటి. గోడకు బలమైన స్టీలు కడ్డీలు బిగించవలెను. ఒకటి స్నానము చేయు చోట, ఒకటి మరుగుదొడ్డి ప్రక్కన. తువ్వాలు వేయు సన్నని కడ్డీ మనిషి బరువును మోయలేదు. కూర్చుండి స్నానము చేయుటకు ఎత్తైన ప్లాస్టిక్ స్టూలు, జారని రబ్బరు చాప ఉంచవలెను. నేల మరుగుదొడ్డిపై కూర్చుండలేనివారికి దానిపైన నిలుపు కమోడు కుర్చీ దుకాణములలో దొరకును. లోపలి గడియ బయటినుండియు తీయుటకు వీలుగా ఉండవలెను.

నడిచెడి దారి : జారెడి గోనెసంచులు, ముడుతలు పడిన పట్టాలు, సాగదీసిన కరెంటు తీగలు తీసివేయవలెను. నేల తుడిచిన తరువాత ఆరునంతవరకు పెద్దలను ఆ దారిన పోనీయరాదు. వదులుగా నుండు హవాయి చెప్పులకంటె మడమ వెనుక పట్టీ గల చెప్పులు మేలు. పంచెయు చీరెయు చీలమండ పైకి ఉండునట్లు కట్టుకొనవలెను.

మంచము : కుంగిపోయిన నులక మంచము నుండి లేచుట కష్టము. అంచున కూర్చున్నప్పుడు పాదములు నేలకు పూర్తిగా ఆనునంత ఎత్తు గల గట్టి మంచము ఉండవలెను.

లేచుటలో ఓపిక

పరుండినవారు తటాలున లేచి నిలుచున్నచో రక్తపుపోటు ఒక్కసారిగా తగ్గి కన్నులు చీకట్లు క్రమ్మును. వయస్సుతో ఈ బాధ పెరుగును. పోటుకు వాడు కొన్ని మాత్రలు దీనిని హెచ్చించును. దీనికి మందుకంటె అలవాటే మేలైన చికిత్స. మెలకువ రాగానే ప్రక్కకు తిరిగి, చేతి ఆధారమున లేచి, కాళ్ళు క్రిందికి వ్రేలాడవేసి మంచపు అంచున కూర్చుండవలెను. అక్కడనే పంచాక్షరిని ఇరువది యొక్క మారులు తొందరలేక స్మరింపవలెను. పాదములను క్రిందికి పైకి ఆడింపవలెను. అప్పుడు ఆధారము పట్టుకొని నిలువవలెను. ఇంత చేసినను తల తిరిగినచో వైద్యునికి చెప్పవలెను. మా తల్లికి ఈ మార్పు వెంటనే నచ్చినది. వైద్యుని మాటగా చెప్పినచో మరచిపోయెడిది. మంత్రముతో ముడివేసిన తరువాత ఒక్క దినమును మరువలేదు.

మందుల సంగతి కూడ ఇక్కడనే చెప్పవలెను. ఒక వైద్యుడు పోటుకు, ఒకరు మధుమేహమునకు, ఒకరు నిద్రకు ఇచ్చిన మాత్రలన్నియు ఒకే శరీరములోనికి పోవుచున్నవి. నిద్రమాత్రలు వాడువారు రాత్రివేళ పడుట ఎక్కువ. ఆరు మాసములకొకసారి అన్ని మందులను, పసరు మందులు, లేహ్యములతో సహా ఒక సంచిలో వేసికొని ఒకే వైద్యునికి చూపి, ఏవి యుంచవలెనో ఏవి మానవలెనో అడుగవలెను. మనంతట మనము మానరాదు.

తిండిలో మార్పు

మంచమున నున్న దినములలో మా తల్లి ఆహారమును లెక్కించి చూచితిని. రెండు కప్పుల టీ, నాలుగు బిస్కత్తులు, కొద్దిగా చారు అన్నము. పండ్లు బలహీనములై జొన్నరొట్టె నమలలేకపోవుటచే దానిని మానివేసినది. రొట్టెతోబాటు పప్పును మానివేసినదని మేము గమనింపలేదు.

మన దేశపు వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణము ప్రకారము, శరీరపు బరువు కిలో ఒక్కింటికి దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలెను. 50 కిలోల బరువు గలవారికి సుమారు 42 గ్రాములు. కండకు ఇదియే ముడిసరకు. శాకాహారమున ఇది దొరకదను మాట సరికాదు. కందిపప్పు 100 గ్రాములలో సుమారు 22 గ్రాములు కలవు. పల్లీలు 100 గ్రాములలో సుమారు 25, జొన్నపిండి 100 గ్రాములలో సుమారు 10, పావు లీటరు పాలలో సుమారు 8 కలవు. దినమునకు 100 గ్రాముల జొన్నపిండి, 100 గ్రాముల బియ్యము, 50 గ్రాముల పప్పు, అర లీటరు పాలు పెరుగులు, ఒక చిన్న గుప్పెడు పల్లీల పొడి చేరినచో లెక్క సరిపోవును. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినదని మనము గర్వపడుచున్నాము. ఆ పప్పు మన ఇంటి పెద్దల గిన్నెలోనికి ప్రతిపూట చేరినప్పుడు గదా ఆ గర్వమునకు ఫలము!

నమలలేనివారికి రొట్టెను వేడి పప్పులో నానవేసి మెదిపి పెట్టవలెను. జొన్న గటకలో పెరుగు కలుపవలెను. పల్లీలను, నువ్వులను పొడిచేసి అన్నములో కలుపవలెను. మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము మాంసకృత్తుల విషయమున వైద్యుని సలహా ననుసరింపవలెను. ఉప్పు దినమునకు 5 గ్రాములకు మించరాదు. అనగా టీ చెంచాడు లోపల. ఊరగాయలోను, అప్పడములోను ఉన్న ఉప్పును ఆ లెక్కలోనే చేర్చవలెను.

శాకాహారులమైన మనము ప్రత్యేకముగా తెలిసికొనవలసినది బి12 విటమిను. అది ధాన్యములలో, కూరలలో లేదు. మనకది పాలు, పెరుగుల వలననే లభించును. వయస్సు పెరిగినకొలది దానిని గ్రహించు శక్తి జీర్ణాశయమునకు తగ్గును. మధుమేహమునకు మెట్‌ఫార్మిన్ మాత్రలను చాల కాలము వాడువారిలో ఇంకను తగ్గును. లోపము కలిగినచో పాదములు తిమ్మిరెక్కుట, నాలుక మండుట, మరపు, చీకటిలో నడక తూలుట మొదలగునవి కనబడును. "వయస్సు మీద పడినది" అని మనము సరిపెట్టుకొను వానిలో కొన్ని ఈ లోపము వలననే కావచ్చును. ఒక రక్తపరీక్షతో తెలియును. మాత్రలతోనో సూదిమందుతోనో సరియగును. ఆలస్యమైనచో నరములకు గలిగిన నష్టము పూర్తిగా తీరకపోవచ్చును. మా తల్లికి ఈ లోపముండెనని పడిన తరువాతనే తెలిసినది.

ఎముకలకు యెండయు కావలెను. తెల్లవారుజాము లేత యెండలో డి విటమినును పుట్టించు కిరణములు తక్కువ. ప్రొద్దు బాగుగా పైకి వచ్చిన తరువాత చేతులకు, ముఖమునకు యెండ తగులునట్లు కొంతసేపు కూర్చుండవలెను. వేసవిలో మాత్రము వడదెబ్బకు వెరచి ముందుగానే లోనికి రావలెను.

ముదిమిలో దప్పిక తెలియుట తగ్గును. కావున దప్పియైనప్పుడు త్రాగుదుమని యుండరాదు. ఒక చెంబును కొలతగా నుంచుకొని, ప్రొద్దు క్రుంకులోపల ఎక్కువ భాగము త్రాగినచో రాత్రి లేవవలసిన అవసరము తగ్గును. గుండె, మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యుడు చెప్పిన కొలతనే పాటింపవలెను.

కన్ను, చెవి, తోడు

కంటిపొర, చెవుడు వయస్సుతో వచ్చును గాని, రెండింటికిని ఉపాయమున్నది. తెలంగాణలో 2018లోను, ఆంధ్రప్రదేశమున 2019లోను కంటి వెలుగు పేరిట ఊరూర ఉచితముగా కంటి పరీక్షలు జరిపిరి. ఆ శిబిరములకు బారులు తీరినవారిని చూచినచో ఎందరు పెద్దలు ఏండ్ల తరబడి అద్దములు లేక గడపిరో తెలిసినది. శిబిరము వచ్చువరకు వేచియుండక సంవత్సరమునకొకసారి పరీక్ష చేయించవలెను. చదువుటకు, దూరపు చూపునకు కలిపిన అద్దములతో మెట్లు దిగునప్పుడు మెట్టు మసకగా కనబడును. తల వంచి, కడ్డీ పట్టుకొని దిగవలెను.

చెవుడు గలవారు క్రమముగా మాటలకు దూరమగుదురు. వినబడనివానిని ఇంటివారు పిలుచుట మానుదురు. మతిమరపు వ్యాధిపై లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘము 2024లో ఆ వ్యాధికి మనము అదుపుచేయదగిన 14 కారణములను చెప్పినది. చెవుడు, చికిత్స లేని చూపులోపము, ఒంటరితనము, శరీరశ్రమ లేకుండుట, రక్తపుపోటు, మధుమేహము వానిలోనివి. వినికిడి యంత్రము పెట్టుకొనుట లోపము కాదు. వారితో మాటాడునప్పుడు అరువక, ఎదురుగా కూర్చుండి, మెల్లగా స్పష్టముగా పలుకవలెను.

పిల్లలు దూరదేశములందున్న ఇండ్లలో ఒంటరితనమే పెద్ద రోగము. పొరుగువారొకరు ప్రతి ఉదయము తలుపు తట్టునట్లు ఏర్పాటు చేసికొనవలెను. వృద్ధుల సహాయమునకై ప్రభుత్వము నడుపు ఎల్డర్‌లైన్ 14567 అను ఉచిత ఫోను సంఖ్యను గోడపై పెద్ద అంకెలతో వ్రాసి యుంచవలెను.

ముదిమిలో కాయకము

కాయకమునకు విరమణ వయస్సును శరణులు చెప్పలేదు. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులకు రాలిన బియ్యమును ఏరుటయే కాయకము. పని చిన్నదా పెద్దదా అని వారు చూడలేదు. మా మేనత్త పోయిన మరునాడు, మేము మా తల్లి మంచమును కుర్చీగా మార్చి, ఆ కుర్చీని వంటింటి గుమ్మము వద్దకు చేర్చితిమి. చేటలో కందులు పోసి ఏరుమని ఇచ్చితిమి. ఆమె ముఖమున నెలలుగా కనబడని వెలుగు ఆ దినమున కనబడెను. మరుసటి వారము చేటను కుర్చీకి పది అడుగుల దూరమున ఉంచితిమి. తెచ్చుకొనుటకు ఆమె వాకరు పట్టుకొని లేవవలసి వచ్చెను. నా చిన్న కుమార్తె ప్రక్కన నడిచెడిది గాని చేటను ముట్టెడిది కాదు. అది చూచుటకు మాకు కష్టముగానే ఉండెను. కూర్చున్న చోటికి అందించుట కంటె, లేచి వచ్చువరకు ఓపికతో నిలుచుట కష్టతరమైన ప్రేమ.

నాలుగు మాసములకు ఆమె చేతికర్రతో పెరటి వరకు నడిచినది. నేలపై కూర్చుండుట మాత్రము మరల రాలేదు. వైద్యులు వలదనిరి. కుర్చీపై పూజ చేసికొనుమన్నచో "లింగయ్య ముందట కుర్సీ మీద కూసుంటనా?" అని కంట నీరు పెట్టుకొన్నది. మూడు దినములు సరిగా తినలేదు. మఠము నుండి అయ్యగారు వచ్చి, "లింగము నీ అరచేతిలో ఉన్నది గాని నేలమీద లేదు తల్లీ. కుర్చీ నీ కాళ్ళకు, లింగమునకు కాదు" అని చెప్పిన పిమ్మట ఒప్పుకొన్నది. ఇప్పుడు ప్రతి ఉదయము కుర్చీపై కూర్చుండి ఎడమ అరచేత లింగమునుంచి పూజించుచున్నది. చాప చుట్టబడి మూలనున్నది. దానిని చూచినప్పుడెల్ల నాకు ఆ మాడిపోయిన బల్బు గుర్తుకు వచ్చును.

మఠములకు మనవి

మఠములకు వచ్చువారిలో పెద్దలే ఎక్కువ. మెట్ల ప్రక్కన పట్టుకొనుటకు కడ్డీ, ఒక ప్రక్క వాలుదారి, చెప్పులు విడుచు చోట కూర్చుండుటకు బల్ల, సభలో గోడ వెంబడి పది కుర్చీలు, దాసోహములో బల్లపై భోజనము చేయు ఏర్పాటు, మెత్తని పప్పన్నము – వీనిలో ఏదియు మఠమునకు భారము కాదు. కుర్చీలో కూర్చున్నవారిని చిన్నచూపు చూడరాదని అయ్యగార్లు సభలో ఒక్కమాట చెప్పినచో, సిగ్గుచే రాక నిలిచిపోయిన పెద్దలు మరల వచ్చెదరు.

ఇంటివారు కూడి యోచింపవలసిన ప్రశ్నలు

1. మన ఇంటి పెద్దవారు రాత్రి లేచినచో వారి దారిలో వెలుగు ఉన్నదా?

2. కుర్చీ నుండి చేతుల ఆధారము లేక వారు లేవగలరా? ఆరు మాసముల క్రిందట లేవగలిగిరా?

3. నిన్న వారు తిన్న పప్పు ఎంత? త్రాగిన పాలు ఎంత?

4. వారి కన్ను, చెవి, రక్తములో బి12 చివరిసారి ఎప్పుడు పరీక్షించితిమి?

5. ప్రేమచే మనము వారి చేతినుండి తీసికొన్న పనులేవి? వానిలో దేనిని తిరిగి ఇయ్యవచ్చును?

మొదట చెప్పిన రెండు ధాతువుల సంగతికి వచ్చెదను. ముదిమి అరుగుటయు అగును, పెరుగుటయు అగును. కూర్చుండబెట్టి సాకినచో జర. నిలబెట్టి సాకినచో వృద్ధి. రాబోవు వైశాఖ శుద్ధ తదియ నాడు, బసవ జయంతి దినమున, ప్రతి ఇంటిలోను పెద్దల కొరకు ఒక్క దిద్దుబాటైనను జరుగును గాక యని కోరుచున్నాను. బల్బు మార్చుటకు మాత్రము అంతవరకు ఆగవలదు. ఈ వ్యాసము చదివిన సాయంకాలమే మార్చుడు.

శరణు శరణార్థి.